బంగారం రేటు పక్కన ఇంకో రేటు కూడా వేయండి సార్

ఎడిటర్ గారికి నమస్కారం,

ధనిక పేద తేడాల గురించి మీ పేపర్లో వస్తా ఉన్న వ్యాసాలు చదువుతా ఉన్నాను. 2022-23లో మన దేశంలో మొత్తం ఆదాయంలో 22.6 శాతం, మొత్తం సంపదలో 40.1 శాతం పైనున్న ఒక్క శాతం మంది దగ్గరే ఉందని వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ వాళ్లు 2024లో లెక్క తీశారు కదా, అట్లాంటివి చదివితే కడుపు మండే మాట నిజమే. చచ్చిపోయినోళ్ల ఆస్తి మీద ఉండే ఎస్టేట్ డ్యూటీ 1985లోనే పోయింది, సంపద పన్ను 2015 బడ్జెట్లో పోయింది. అవి మళ్లీ పెట్టాలా వద్దా అనేది ఢిల్లీలో తేలాల్సిన పంచాయితీ, నాలాంటోడు కొర్లగుంటలో కూర్చుని తేల్చేది కాదు. మా తిరుపతిలోనే తేల్చుకోగలిగిన సంగతి ఒకటుంది, కాంట్రాక్టు పనోళ్ల జీతంలో పడే కోత, దాని గురించి ఎవురూ రాయడం లేదు, అందుకే ఈ లెటరు.

నేను ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసులో 11 ఏళ్లుగా పని చేస్తా ఉన్నాను. జీఎస్టీ రిటర్నులు, పీఎఫ్ (భవిష్య నిధి), ఈఎస్ఐ (కార్మికుల వైద్య బీమా) చలానాలు ఇవే నా పని. మనుషుల్ని సప్లై చేసే ఏజెన్సీలు మాకు క్లయింట్లుగా ఉన్నాయి. ఆస్పత్రులకి, లాడ్జీలకి, షోరూములకి, కాలేజీలకి హౌస్ కీపింగ్ వాళ్లని, సెక్యూరిటీ వాళ్లని పంపించేది వీళ్లే. ప్రతి నెలా ఏజెన్సీ నుంచి ఒక ఎక్సెల్ షీట్ వస్తుంది, దాన్ని పీఎఫ్ పోర్టల్‌కి కావాల్సినట్టు మార్చి నేను అప్‌లోడ్ చేస్తాను, అంతే.

పోయినేడాది ఒక షీట్లో మా చిన్నమ్మ పేరు కనబడింది. మా అమ్మకి సొంత చెల్లెలు. ఒక ప్రైవేటు ఆస్పత్రిలో హౌస్ కీపింగ్ చేస్తుందని తెలుసుగాని ఆమె కాంట్రాక్టరు మా క్లయింటే అని నాకు అప్పటిదాకా తెలీదు. ఆమె పేరు పక్కన ఎన్‌సీపీ డేస్ అనే కాలమ్‌లో 12 అని ఉంది. అంటే ఆ నెల 12 రోజులు ఆమె పనికి రాలేదు, జీతం లేదు, కాబట్టి పీఎఫ్ 18 రోజులకే కడుతున్నాం అని అర్థం. నాకు నవ్వొచ్చింది మొదట, ఎందుకంటే ఆ నెల ఆమె ఒక్క రోజు కూడా నాగా పెట్టలేదు, మా ఇంట్లో సీమంతానికి పిలిస్తే లీవు ఇవ్వలేదని డ్యూటీ దిగి యూనిఫాంతోనే వచ్చి అన్నం తిని పోయింది.

ఆదివారం ఆమె ఇంటికి పోయి బ్యాంకు పాస్‌బుక్ చూపించమన్నాను. దాంట్లో 10,470 పడి ఉంది. సరిగ్గా ఉందే అనుకున్నా. "ఆ దుడ్డంతా నాది కాదు నాయనా, మళ్లా సూపర్‌వైజర్‌కి 1,560 ఇచ్చేయాల, అందురూ ఇస్తారు" అనింది. ఎందుకివ్వాలి అని అడిగితే "పీఎఫ్ అంట" అనింది. ఈ 1,560 అంకె నాకు బాగా తెలుసు సార్. 12,000 జీతం మీద యజమాని తన జేబులో నుంచి కట్టాల్సిన 13 శాతం అది. అంటే ఆమె వాటా 12 శాతం, దాంతోపాటు ఈఎస్ఐ కింద కొంచెం ముందే కోసేశారు, యజమాని వాటా కూడా ఆమె చేతి నుంచే వెనక్కి తీసుకుంటా ఉన్నారు, మళ్లీ పీఎఫ్ ఆఫీసుకి కట్టేది మాత్రం 18 రోజులకే.

ఇప్పుడు అసలు లెక్క చెప్తా, కాస్త ఓపిగ్గా చదవండి. ఆస్పత్రికి ఆ ఏజెన్సీ ఒక మనిషికి వేసే బిల్లు 15,000. జీతం 12,000, యజమాని పీఎఫ్ 1,560, యజమాని ఈఎస్ఐ 3.25 శాతం లెక్కన 390, మిగతా 1,050 ఏజెన్సీ కమీషను. దీని మీద 18 శాతం జీఎస్టీ, 2,700. వైద్యం మీద జీఎస్టీ లేదు కాబట్టి ఆ 2,700 ఆస్పత్రికి వెనక్కి రాదు. మొత్తం ఆస్పత్రి జేబు నుంచి పోయేది 17,700. మా చిన్నమ్మకి చివరికి మిగిలేది 8,910. ఆమె తుడిచే తుడుపుకి బయట ధర 17,700 పలుకుతా ఉంది, సగం మాత్రమే ఇంటికొస్తా ఉంది. ఆస్పత్రి వాళ్లు పిసినారులని కూడా అనలేం, వాళ్లు ఇచ్చేది ఇస్తానే ఉన్నారు.

ఇట్లా చెప్తే కాంట్రాక్టరు ఒక్కడే దొంగ అన్నట్టు ఉంటుంది, అదీ పూర్తిగా కరెక్ట్ కాదు. అందరి కంటే తక్కువ కోట్ చేసినోడికే కాంట్రాక్టు ఇస్తారు, కమీషను తగ్గించి తగ్గించి కోట్ చేసినోడు మళ్లీ యాడో ఒకచోట రాబట్టుకోవాలి కదా, వాడికి చేతికందేది ఈ ఆడోళ్లే. ఇంత తక్కువకి ఎట్లా చేస్తావయ్యా అని కాంట్రాక్టు ఇచ్చినోళ్లు అడగరు. అడిగితే తెలిసిపోతుందని అడగరేమో.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. గ్రాట్యుటీ, అంటే పని మానేటప్పుడు యజమాని ఒక్కసారిగా ఇచ్చే డబ్బు, మామూలుగా ఐదేళ్లు ఒక యజమాని దగ్గర చేస్తేనే వస్తుంది. మా చిన్నమ్మ అదే ఆస్పత్రిలో, అదే ఫ్లోర్‌లో తొమ్మిదేళ్లుగా చేస్తా ఉంది. ఈ తొమ్మిదేళ్లలో ఏజెన్సీ నాలుగు సార్లు మారింది. కొత్త ఏజెన్సీ వచ్చినప్పుడల్లా కొత్త చొక్కా ఇస్తారు, సర్వీసు మళ్లీ ఒకటో నెల నుంచి మొదలు. ఒక మనిషి పీఎఫ్ ఖాతాలన్నిటికీ కలిపి ఇచ్చే యూఏఎన్ నంబరు 2014లో తెచ్చిందే ఎక్కడికి పోయినా ఒకే నంబరు ఉండాలని, అయినా ఆమెకి మూడు నంబర్లున్నాయి, ఒకదాంట్లో ఇంటిపేరు తప్పు, ఒకదానికి లింక్ అయిన ఫోను ఎవురిదో తెలీదు. పీఎఫ్ పింఛను కావాలంటే పదేళ్ల సర్వీసు చూపించాలి, ఆ మూడు నంబర్లూ కలపకపోతే ఆమెకి పదేళ్లు ఎప్పటికీ కావు. అంత చేసినా ఆ పింఛను కనీసం 1,000 రూపాయలు, 2014లో పెట్టింది అట్లానే ఉంది. ప్రభుత్వం ఇచ్చే వృద్ధాప్య పింఛను 2024 జూలై నుంచి 4,000. జీవితమంతా కష్టపడి సంపాదించుకున్న పింఛనుకి ఊరికే ఇచ్చేది నాలుగింతలు!

పథకాలు వద్దని నేను అనడం లేదు. బడికి పోయే పిల్లల తల్లులకిచ్చే తల్లికి వందనం డబ్బులు పడినప్పుడు మా వీధిలో ఎంతమంది స్కూలు బాకీలు కట్టుకున్నారో కళ్లారా చూశాను, అయిదు రూపాయల అన్న క్యాంటీన్‌లో నేను కూడా తిన్నా. కానీ జీతం పెంచండి అని అడిగితే ఆ సూపర్‌వైజర్ ఏమన్నాడో తెలుసా, "మీకు గవర్నమెంటు అన్నీ ఇస్తా ఉంది కదమ్మా, బస్సు కూడా ఫ్రీ, ఇంకేం ఖర్చులు మీకు" అన్నాడంట. అంటే ప్రభుత్వం ఈమెకిచ్చేది ఈమె దగ్గర నిలబడకుండా జీతం పెంచనోడికి కలిసొస్తా ఉందన్నమాట. ఒక చేత్తో పోస్తా ఉంటే కింద కుండకి చిల్లు ఉంది, ఎంత పోసినా అంతే.

ఆ షీట్లలో కులం కాలమ్ ఉండదు. అవసరం కూడా లేదు. హౌస్ కీపింగ్ లిస్టు పైనుంచి కిందికి చదివితే ఏ కాలనీ వాళ్లో తెలిసిపోతుంది, రిసెప్షన్, బిల్లింగ్ లిస్టు చదివితే ఆ కాలనీ వాళ్లు ఒక్కరు కూడా కనబడరు. మా ఊరి గంగజాతరలో దొర వేషం, తోటి వేషం, మాతంగి వేషం ఎవురైనా మొక్కుకుని కట్టొచ్చు, జాతర అయిపోయినాక కడిగేసుకుంటారు. మిగతా రోజుల్లో తోటి పని, అంటే ఊడ్చి ఎత్తిపోసే పని, మాత్రం కొందరికి కడుక్కున్నా పోవడం లేదు. మ్యాన్‌హోల్‌లో దిగి చచ్చిపోయినోళ్ల కుటుంబానికి 10 లక్షలు కాదు 30 లక్షలు ఇవ్వాలని 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది, మంచిదే, కానీ బతికుండగా వాళ్లకి ఇచ్చే రోజు కూలి దగ్గర మాత్రం ఇంకా బేరాలే. రాజకీయాల్లో సమానత్వం, సామాజిక ఆర్థిక జీవితంలో అసమానత్వం, ఈ వైరుధ్యంతో బతకబోతున్నాం అని అంబేద్కర్ గారు 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలోనే చెప్పారు. ఎలక్షన్ రోజు మా చిన్నమ్మ ఓటూ ఆ ఆస్పత్రి ఓనరు ఓటూ ఒకటే, తేడా ఎంతో ఒకటో తారీకు వస్తే తెలుస్తుంది.

సరే ఏం చేయాలంటారు అని మీరడగొచ్చు. కొత్త చట్టం ఏదీ అక్కర్లేదని నా ఉద్దేశం. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే పని చేయించుకున్న అసలు యజమానే కట్టాలని 1970 కాంట్రాక్టు లేబర్ చట్టంలోనే ఉండేది, దాని బదులు వచ్చిన కొత్త కోడ్‌లోనూ ఉంది. 2025 నవంబర్ 21 నుంచి పాత కార్మిక చట్టాల్ని కలిపి చేసిన నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, వాటి మీద యూనియన్ల అభ్యంతరాలు వాళ్లకున్నాయి, పని గంటల విషయంలో నాకూ ఉన్నాయి, అయినా వాటి ప్రకారం ప్రతి మనిషికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వాలి. ఆ కాగితం ఒక్కటి చేతిలో ఉంటే ఎవురి దగ్గర ఎప్పట్నుంచి చేస్తా ఉందో రుజువుంటుంది. మా చిన్నమ్మకి ఇంతవరకూ ఇవ్వలేదు, అడగాలని కూడా ఆమెకి తెలీదు.

ముఖ్యంగా జరగాల్సింది ఒకటే. ఏజెన్సీ బిల్లు, పీఎఫ్‌కి అప్‌లోడ్ చేసిన షీటు, డ్యూటీ అటెండెన్స్, ఈ మూడూ ఒక టేబుల్ మీద పక్కపక్కన పెడితే పదో తరగతి పిల్లోడికి కూడా తేడా తెలిసిపోతుంది. బిల్లులో 30 రోజులు, షీట్లో 18 రోజులు. పక్కపక్కన పెట్టే మనిషే లేడు. ఆ మూడూ చూడందే బిల్లు పాస్ చేసేది లేదని ఆస్పత్రులు, కాలేజీలు ఒక్క రూల్ పెట్టుకుంటే చాలు, దీనికి పైసా ఖర్చు లేదు. లేబర్ ఆఫీసు వాళ్లు కూడా నెలకి పది చోట్ల ఆ మూడు కాగితాలు అడిగితే మిగతా తొంభై చోట్ల వాటంతట అవే సరి అవుతాయి. వార్డు సచివాలయాల్లో పీఎఫ్ పేర్లు సరిచేసి యూఏఎన్‌లు కలిపే పని వారానికి ఒక రోజు పెట్టినా, నా లెక్కలో చాలామంది ఆడోళ్లకి వాళ్లకే తెలియని డబ్బు బయటపడుతుంది. మా చిన్నమ్మ మూడు అకౌంట్లలో కలిపి 61,000 దాకా తేలింది. ఆమె నమ్మలేదు.

నా గురించి కూడా చెప్పాలి కదా. ఆ షీటు అప్‌లోడ్ చేసింది నేనే. మా సార్‌ని అడిగితే "పార్టీ ఏమిస్తే అది ఎక్కించడమే మన పని" అన్నారు. ఆయన చెప్పింది ఉద్యోగం ప్రకారం తప్పు కాదు. ఆ నెల కూడా, తర్వాతి నెల కూడా ఎక్కించాను. 11 ఏళ్లలో అట్లాంటి 12లు, 14లు ఎన్ని ఎక్కించి ఉంటానో, మన మనిషి పేరు కనబడేదాకా అవి నాకు అంకెలే. అందుకే ఈ లెటర్ కింద నా పేరు వేయొద్దని కోరుతున్నా, ఇద్దరు ఆడపిల్లలున్నారు నాకు.

చివరిగా మీ పేపరుకే ఒక విన్నపం. రోజూ బంగారం రేటు వేస్తారు, కోడిగుడ్డు రేటు వేస్తారు, మామిడి సీజన్లో తోతాపురి టన్ను రేటు కూడా వేస్తారు. ప్రభుత్వం కనీస వేతనాల్లో డీఏ (కరువు భత్యం) ఏడాదికి రెండు సార్లు, ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో సవరిస్తుంది. హౌస్ కీపింగ్‌కి ఎంత, సెక్యూరిటీకి ఎంత, హోటల్ సర్వర్‌కి ఎంత, షాపులో సేల్స్ గర్ల్‌కి ఎంత అని ఆ రేట్లు జిల్లా పేజీలో చిన్న బాక్స్ కట్టి బంగారం రేటు పక్కనే వేయండి. పెద్ద అక్షరాల్లో వేయండి, మా చిన్నమ్మకి కళ్లద్దాలు లేవు, కత్తిరించి లాకర్ రూమ్ తలుపు మీద అంటించుకుంటానని ఇప్పుడే చెప్పింది.

ఇట్లు,
మీ పాఠకుడు,
కొర్లగుంట, తిరుపతి.