అడవిలో ఒక రాత్రి ఉండాలంటే ముందు ఎవర్ని అడగాలి?

ఎడిటర్ గారికి నమస్కారం అండి.

కార్తీకమాసం దగ్గరికొస్తోందంటే మా కోనసీమలో వనభోజనాల హడావుడి మొదలైపోతుంది. ఇదివరకు ఎవరిదో ఒకరి తోటలో ఉసిరిచెట్టు చూసుకుని అక్కడే వండుకు తిని సాయంత్రానికి ఇంటికొచ్చేసేవాళ్లం, ఇప్పుడు పిల్లలకి అది ఆనట్లేదు, టెంట్ వేసుకుని అడవిలో పడుకుందాం అంటున్నారు. నాకైతే ఆ మాట వింటే చాలా సంతోషమేస్తుంది. కొబ్బరితోటలు, కాలవలు, వరిచేలు తప్ప కొండ అంటే ఏంటో ఎరగని పిల్లలు మన డెల్టాలో బోలెడుమంది ఉన్నారు, అలాంటోళ్లకి రాజమండ్రి దాటి గోకవరం, రంపచోడవరం మీదుగా వెళ్తే సుమారు 85 కిలోమీటర్లలో మారేడుమిల్లి అడవి, ఇటు పక్క గోదావరికి రెండువైపులా పాపికొండల నేషనల్ పార్కు. 2008లో నేషనల్ పార్కు అయింది, వెయ్యి చదరపు కిలోమీటర్లకి పైనే ఉంటుంది. శనివారం పొద్దున్న బయల్దేరి ఆదివారం రాత్రికి ఇంటికొచ్చేయొచ్చు.

కానీ నేను ఈ ఉత్తరం రాస్తోంది వేరే బాధతో అండి. బయల్దేరకముందు తెలియాల్సిన సంగతులన్నీ మనకి చెక్‌పోస్టు దగ్గరకెళ్లాక తెలుస్తున్నాయి.

పోయిన కార్తీకంలో మేం వెళ్తున్నప్పుడు చూశాను. చీకటి పడుతోంది, మా ముందు ఒక కారు, పైన క్యారియర్ మీద కొత్త టెంటు ఇంకా కవర్ కూడా విప్పలేదు, ప్లాస్టిక్ కుర్చీలు, చిన్న గ్యాస్ బండ, వెనక సీట్లో ముసలావిడ, ఇద్దరు చిన్నపిల్లలు. ఇక్కడ టెంట్ వేసుకోడానికి లేదమ్మా పర్మిషన్ ఉండాలి అని గార్డు చెప్తుంటే ఆ తల్లి "బాబూ ఈ ఒక్క రాత్రే కదా, పొద్దున్నే వెళ్లిపోతాం, మండపేట నుంచి వచ్చాం" అని బతిమాలుతోంది. ఆయన కూడా పాపం మర్యాదగానే మాట్లాడాడు, నా చేతిలో లేదమ్మా అన్నాడు. ఇందులో తప్పు ఎవరిదంటారు? వాళ్లు ఫోన్లో ఎవరో తీసిన వీడియో చూసి వచ్చారు, ఆ వీడియోలో టెంట్ ఉంది, వాగు ఉంది, మంట ఉంది, పర్మిషన్ మాట మాత్రం లేదు. మర్నాడు పొద్దున్న మేం అదే దారిలో వస్తుంటే ఆ కొత్త టెంటు రోడ్డు కింద వాగు ఇసకలో వేసి ఉంది, పక్కనే పిల్లలు ఆడుకుంటున్నారు. నాకు గుండె జారిపోయింది. పైన కొండల్లో ఎక్కడో వాన పడితే కింద మనకి చుక్క కూడా తెలీదు, వాగు మాత్రం ఒక్కసారిగా వచ్చేస్తుంది. ఏజెన్సీలో పుట్టినోళ్లు ఎవరూ వాగు ఇసకలో పడుకోరు.

అసలు చాలామందికి నేషనల్ పార్కు హద్దు ఎక్కడ, మామూలు రిజర్వు ఫారెస్టు ఎక్కడ మొదలు అన్నదే తెలియదు. తెలియకపోవడం వింతేం కాదు, చెట్లు అటూ ఇటూ ఒకలాగే ఉంటాయి కదా. 1972 నాటి వన్యప్రాణుల చట్టం ప్రకారం పార్కు లోపలికి అనుమతి లేకుండా పోకూడదు, అడవికి ప్రమాదం తెచ్చేలా నిప్పు రాజెయ్యకూడదు, జంతువుల్ని అల్లరి పెట్టకూడదు, చెత్త పారెయ్యకూడదు. ఈ నాలుగు ముక్కలు తెలుగులో పెద్ద అక్షరాలతో రాజమండ్రి ఆర్టీసీ కాంప్లెక్సులో, కోటిపల్లి బస్టాండులో ఎక్కడైనా రాసి ఉన్నాయా? నాకైతే కనబడలేదండి.

సరైన చోట ఉంటే ఎంత బాగుంటుందో చెప్పాలి కూడా. మారేడుమిల్లి దగ్గర వలమూరు వైపు ఊరి గిరిజనులతో కలిపి నడిపించే ఎకో టూరిజం ఉంది, మేం అటే వెళ్లాం. మర్నాడు తెల్లారగట్ల ఒక కొండరెడ్డి తెగ కుర్రాడు మమ్మల్ని నడిపించుకెళ్లి ఒక చెదలపుట్ట దగ్గర ఆగాడు, పుట్ట ఒక పక్కంతా తవ్వేసి ఉంది, మట్టి ఇంకా తడిగానే ఉంది, దాని మీద గోళ్ల గీతలు పొడుగ్గా లోతుగా దిగి ఉన్నాయి. రాత్రి ఎలుగుబంటి వచ్చిందండి, చెదల కోసం, అని మా అమ్మాయి చెయ్యి పట్టుకుని ఆ గీతల పక్కన పెట్టి చూపించాడు, మా పిల్ల చెయ్యి ఆ గీతల్లో సగానికి కూడా రాలేదు. ఆ పిల్ల అప్పట్నుంచి ఇంటికొచ్చేదాకా చిప్స్ ప్యాకెట్ ఒక్కటి కూడా కింద పడెయ్యలేదు, ఎవరూ చెప్పకుండానే.

అందుకే నేను వెళ్లేవాళ్లందరికీ చెప్పేది ఒకటే, రెండు రోజుల్లో అన్నీ చుట్టేద్దాం అనుకోకండి. జలతరంగిణి, అమృతధార జలపాతాలు, గుడిస కొండ, బొంగులో చికెన్, పాపికొండల బోటు అన్నీ ఒకే ట్రిప్పులో పెట్టేసుకుని డ్రైవర్ని నిద్రపోనివ్వకుండా రాత్రిపూట ఘాట్ రోడ్డు మలుపుల్లో తిప్పుతున్నారు, అది చాలా ప్రమాదం. ఒక చోటు, ఒక రాత్రి, దానికి ముందే ఫోన్ చేసి బుక్ చేసుకుని, వెలుతురు ఉండగానే చేరిపోవాలి. మనం డెల్టావాళ్లం కాబట్టి చలి సంగతి అంచనా ఉండదు, డిసెంబర్లో అక్కడ పలచటి దుప్పటి చాలదు, రగ్గులుండాలి. టెంట్ జిప్పు ఎప్పుడూ మూసే ఉంచాలి, కట్లపాము రాత్రిళ్లే తిరుగుతుంది, నేల మీద పడుకున్నోళ్లని నిద్రలో కాటేస్తే నొప్పి కూడా సరిగ్గా తెలీదు. ఒకవేళ అనుమానం వచ్చినా నాటుమందులని కూర్చోకుండా రంపచోడవరం ఏరియా ఆస్పత్రికి పరిగెత్తాలి. ఏజెన్సీలో మలేరియా ఉంది, తిరిగొచ్చిన రెండు మూడు వారాల్లో జ్వరమొస్తే డాక్టరుకి ఫలానా చోటికి వెళ్లొచ్చాం అని తప్పకుండా చెప్పండి. ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, కాబట్టి ఎక్కడ ఉంటాం ఎప్పుడొస్తాం అన్నది ఇంట్లో కాగితం మీద రాసిచ్చి వెళ్లాలి. ఘాట్ రోడ్డులో కోతులకి అరటిపళ్లు వెయ్యకండి, వాటికి రోడ్డు అలవాటైపోయి బళ్ల కింద పడుతున్నాయి.

బోటు సంగతి కూడా చెప్పాలి. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర పాపికొండల బోటు మునిగిపోయిన ఘోరం మన జిల్లాలవాళ్లు ఎవరూ మర్చిపోలేరు, గోదావరి ఇంకా వరద మీదే ఉంది ఆ రోజు. లంకల్లో ఉండే మనవాళ్లు ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీరు ఎన్ని అడుగులుందో చూడకుండా పశువుల్ని కూడా కదపరు, 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక అని చిన్నపిల్లాడు కూడా చెప్తాడు. మరి అదే మనం పాపికొండలు బయల్దేరేటప్పుడు ఎందుకు చూసుకోం? లైఫ్ జాకెట్ ఫొటో దిగేదాకా వేసుకుని తర్వాత సీటు కింద పడేసేవాళ్లని చూస్తే ఏడుపొస్తుంది.

కొండలదాకా వెళ్లలేనివాళ్లకి కోరింగ ఉంది, కాకినాడకి 20 కిలోమీటర్ల లోపే. మడ అడవిలో చెక్క వంతెన మీద నడుస్తుంటే నీరు వెనక్కి తీసే పాటు సమయంలో బురదలోంచి వేర్లు మేకుల్లాగా పైకి లేచి కనబడతాయి, బురద మీద ఎర్ర పీతలు, అదృష్టం ఉంటే నీరుకుక్కలు. చేపలు పట్టి తినే బావురుపిల్లికి పేరుపడ్డ అడవి అది. కానీ అక్కడ పగలు తిరిగి రాత్రికి కాకినాడ వచ్చేయడమే పద్ధతి. అలాగే అంతర్వేది వైపు సముద్రం ఒడ్డున టెంట్లు వేసి మంటలు, లైట్లు పెట్టడం ఈమధ్య కుర్రాళ్లకి ఫ్యాషనైంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆ ఇసకలోనే ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి, బయటికొచ్చిన పిల్లలు వెలుతురు ఉన్న వైపే పాకుతాయి, మన లైటు చూసి సముద్రాన్నొదిలేసి ఇటొచ్చి చచ్చిపోతాయి. ఆ నెలల్లో దయచేసి అక్కడ రాత్రిళ్లు వద్దు.

అటవీ శాఖ వారికి మీ పేపర్ ద్వారా నా విన్నపం. ఎక్కడ టెంట్ వేసుకోవచ్చు, ఎక్కడ వేసుకోకూడదు, ఎవరికి ఫోన్ చెయ్యాలి, రుసుము ఎంత, ఏ దారి మూశారు అన్నది తెలుగులో బోర్డు రాయించి రాజమండ్రి, కాకినాడ, అమలాపురం బస్టాండుల్లో పెట్టించండి, గోకవరం దగ్గర ఇంకొకటి పెడితే కనీసం ఘాట్ ఎక్కకముందే జనం వెనక్కి తిరుగుతారు. మిమ్మల్ని కోరేది ఏంటంటే ఎడిటర్ గారూ, కార్తీకం నుంచి సంక్రాంతి దాకా ప్రతి శుక్రవారం జిల్లా పేజీలో ఒక చిన్న బాక్సు వెయ్యండి, ఆ వారం బోట్లు తిరుగుతున్నాయా లేదా, మారేడుమిల్లిలో చోటు ఉందా లేదా, కోరింగలో పోటు పాటు వేళలు ఏంటి అని. సినిమా హాళ్ల వివరాలు వేసేంత జాగా చాలు. శనివారం బయల్దేరేవాళ్లు శుక్రవారం పొద్దున్న చూసుకుంటారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
అమలాపురం