"ఏముంది అయ్యోరా, ఇంట్లోనే": చిత్తూరు కలెక్టరు గారికి బహిరంగ లేఖ

చిత్తూరు జిల్లా కలెక్టరు గారికి నమస్కారం.

నేను రిటైరైన స్కూలు టీచర్ని. మా పక్క ఇప్పటికీ అయ్యోరనే పిలుస్తారు. 2011 ఫిబ్రవరిలో జనాభా లెక్కల డ్యూటీ నాకూ పడింది. 9వ తేదీ నుంచి 28 దాకా, బంగారుపాళ్యం దగ్గర ఒక ఊళ్ళో సుమారు 150 ఇళ్ళు తిరిగాను. అప్పుడు నేను రాసినదాంట్లో కొంత తప్పు ఉంది. జిల్లాలో జనగణనకు పెద్ద మీరే గనుక, పదిహేనేళ్ళు దాటాక అయినా మీకు చెప్పుకోవాలనిపించింది.

ఒక సాయంత్రం నాలుగింటికి ఒక ఇంటి వాకిట్లో కూర్చున్నాను. ఇంటాయన మంచం మీద ఉన్నాడు. అప్పుడే ఆయన భార్య పచ్చిగడ్డి మోపు నెత్తిన పెట్టుకుని వచ్చింది. "ఆమె ఏం పని చేస్తాది?" అని అడిగాను. అడిగింది ఆయన్ని. "ఏముంది అయ్యోరా, ఇంట్లోనే" అన్నాడు. ఆమె మోపు కింద పడేసి, కొంగుతో మెడ తుడుచుకుని, "అవును, నాకేం పని" అని నవ్వింది. నేను పని చేయనివాళ్ళ కింద, ఇంటి పనులు అని రాసుకుని లేచాను. లేచేటప్పుడు పక్కకు జరగాల్సి వచ్చింది. దారికి అడ్డంగా రెండు జెర్సీ ఆవులు కట్టేసి ఉన్నాయి. పిట్టగోడ మీద పాలక్యాను బోర్లించి ఉంది.

అవన్నీ చూశాను. చూసి కూడా అలాగే రాశాను.

ఆ ఆవుల వెనక ఉన్న పని మీకు తెలియంది కాదు. తెల్లారుజామున లేచి పేడ ఎత్తాలి, పొదుగు కడగాలి, పాలు పిండాలి, పాల కేంద్రం మూసేలోగా తీసుకెళ్ళి పోయాలి. అక్కడ మిషను వెన్న శాతం, ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే మిగతా ఘనపదార్థం) చూసి చీటీ ఇస్తుంది. వెన్న ఒక పాయింటు తగ్గితే ఆ పూట దాణా ఖర్చు కూడా రాదు. మధ్యాహ్నం గడ్డి, సాయంత్రం మళ్ళీ పిండడం. సంక్రాంతి నాడు కూడా ఆవు ఆగదు. ఏడాదికి 220 రోజులు బడికి పోయే నేను ఉద్యోగిని. 365 రోజులు పాలు పిండే మనిషి పని చేయనిది. ఆ రాత నాదే.

రూలు తెలియదని తప్పించుకోడానికీ లేదు. శిక్షణలో చెప్పారు. సొంత చేలో కూలి లేకుండా చేసినా పనే. పాలు అమ్మకుండా ఇంటి వాడకానికే పాడి చేసినా పనే. ఏడాదిలో ఆరు నెలలు, ఆపైన చేసినవాళ్ళు ఒక లెక్క, అంతకు తక్కువ చేసినవాళ్ళు ఇంకో లెక్క. ఇంత స్పష్టంగా ఉన్న రూలు మా నోటి నుంచి వాకిట్లోకి వచ్చేసరికి "ఉద్యోగమా, ఇంట్లోనా?" అయిపోయింది.

అయితే ఆమె కూడా "నాకేం పని" అని ఎందుకంది? దీని గురించి చాలా రోజులు ఆలోచించాను. మా జిల్లాలో పని అంటే ఇంకొకరి దగ్గరికి పోయి చేసేది. సొంత గొడ్లకు చేసేది చాకిరీ. చాకిరీని ఎవరూ లెక్కలో చెప్పుకోరు.

కొందరికి చెప్పుకోడానికి నామోషీ కూడా. తోతాపురి మామిడి సీజన్లో, జూన్, జులైల్లో, గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కోసే ఒకామెను ఎరుగుదును. సొన తగిలి వేళ్ళ కొనలు నల్లబడి తోలు లేస్తుంది. రాత్రి షిఫ్టు అయితే నిలబడే తెల్లవారుతుంది. ఇంజనీరింగు చదివే కొడుకు కాలేజీ ఫారంలో తల్లి వృత్తి దగ్గర గృహిణి అని రాశాడట. "రాసుకోనీలే అయ్యోరా, వాడికి బాగుండాల కదా" అంది. కాసేపాగి, "ఫీజు రసీదులు మాత్రం నా పెట్టెలోనే ఉండాయి" అంది.

అదే ఊళ్ళో మామిడి అంట్లు కట్టే ఒక పెద్దాయన ఉండేవాడు. నేను రాస్తుంటే వెనక నిలబడి, "కూలి అని పెడితే ఒప్పుకోను" అన్నాడు. చదువు వచ్చా అంటే, "రాదు, ఆ ఒక్క మాట గుర్తుపడతా" అన్నాడు. నూరు అంట్లు కడితే ఎన్ని పట్టాయో, పట్టనివి ఎందుకు పట్టలేదో చెబుతూ నన్ను అరగంట కూర్చోబెట్టాడు. ఆయన గురించి ఆయన చెప్పిందే రాశాను. ఆడవాళ్ళలో ఒక్కరూ నా వెనక వచ్చి నిలబడలేదు. నిలబడేంత సేపు నేను ఉండలేదేమో కూడా.

ఇప్పుడు 2027 ఫిబ్రవరిలో మళ్ళీ లెక్క. అప్పటి ఉమ్మడి జిల్లా 66 మండలాలది. 2022 ఏప్రిల్ 4న విడిపోయాక మనకు ఇదే మొదటి జనగణన. ఈసారి వివరాలు ఫోన్లోనే. కావాలంటే ఇంట్లోవాళ్ళే స్వయంగా నింపుకోవచ్చు. సౌకర్యమే, కానీ ఫోను ఎవరి చేతిలో ఉంటుంది? ఆ కాలేజీ కొడుకు చేతిలో.

ఈ లెక్కలో పేరు ఎక్కినంత మాత్రాన ఎవరికీ లోను రాదు. ఒక్కొక్కరి వివరాలు గోప్యమని 1948 జనగణన చట్టంలోనే ఉంది. కానీ జిల్లాలో ఎంతమంది ఆడవాళ్ళు పాడి మీద బతుకుతున్నారని రేపు మీరే అడిగితే, నాలాంటివాళ్ళు రాసిన అంకే మీ ముందుకొస్తుంది.

అందుకని ఒక్క మనవి. ఇల్లిల్లూ తిరిగి లెక్క రాసే ఎన్యూమరేటర్ల శిక్షణలో యాప్ నొక్కడం నేర్పేటప్పుడు, అడగడం కూడా ఒక పూట నేర్పించండి. "ఆవులున్నాయా, పాలు పిండేదెవరు? కాయల సీజన్లో యాడికి పోతారు? కలుపుకు పోయినారా?" అని అడిగితే చాలు. ఆమెనే అడగాలి, మంచం మీది మనిషిని కాదు. స్వయంగా నింపుకునేవాళ్ళకు కూడా ఇదే మాట గ్రామసభలో మైకులో ఒకసారి చెప్పించండి.

పిలిస్తే నేను వచ్చి ఆ పూట చెబుతాను. బత్తా అక్కర్లేదు. 2011లో మా ఇంటికి లెక్కకు వచ్చింది నా తోటి టీచరే. మా ఆవిడ గురించి అడిగితే, "ఇంట్లోనే" అని చెప్పింది నేనే. అప్పుడు మాకు మూడు ఆవులు. ఇప్పుడు ఒకటే ఉంది. మీటింగు మధ్యాహ్నం మూడులోపు ముగిసేలా చూడండి. సాయంత్రం గడ్డి కోసే వంతు ఇప్పుడు నాది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు
బంగారుపాళ్యం మండలం