రక్తంలో రాగి లెక్క క్యాన్సర్ పరీక్ష కాదు

సంపాదకులు గారికి,

2025 మార్చిలో బిక్కవోలు మండలం బలభద్రపురంలో క్యాన్సర్ కేసుల గురించి వార్తలు వచ్చి, వైద్య బృందాలు ఇంటింటికీ తిరిగినప్పటి నుంచి డెల్టా పల్లెల్లో ఒక భయం పట్టుకుంది. ఆ భయం మీదనే ఇప్పుడు మా కోనసీమలో ఒక వ్యాపారం నడుస్తోంది. రక్తంలో రాగి, జింకు, సెలీనియం, కాడ్మియం ఎంతెంత ఉన్నాయో చూసే ప్యాకేజీని, క్యాన్సర్‌ను ముందే పట్టేసే పరీక్షగా చెప్పి అమ్ముతున్నారు.

మా వదినగారి రిపోర్టులో రాగి ఎక్కువగా, జింకు తక్కువగా వచ్చింది. పక్కన ఎర్ర అక్షరాలతో ‘క్యాన్సర్ ముప్పు’ అని ఉంది. నెల రోజులు ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. చివరికి చూసిన డాక్టరుగారు మొదట అడిగింది, ఈ మధ్య జ్వరం వచ్చిందా అని. న్యుమోనియా తగ్గి పది రోజులైనా కాకముందే ఆమె రక్తం ఇచ్చారు. రక్తంలోని రాగిలో చాలా భాగం సెరులోప్లాస్మిన్ అనే ప్రోటీన్‌లో ఉంటుందని, ఒంట్లో వాపు గానీ ఇన్‌ఫెక్షన్ గానీ ఉంటే కాలేయం దాన్ని ఎక్కువగా తయారుచేస్తుందని, అప్పుడే జింకు రక్తంలో తగ్గుతుందని, గర్భిణుల్లోనూ రాగి పెరుగుతుందని ఆయన ఓపికగా చెప్పారు. క్యాన్సర్ రోగుల్లో ఈ మార్పులు కనిపించే మాట నిజమే. అయితే అవి చాలావరకు జబ్బు వెంట వచ్చేవే గాని, జబ్బును నిర్ధారించేవి కావు.

రిపోర్టుతో పాటు సెలీనియం మాత్రలు కూడా అంటగట్టారు. అమెరికా, కెనడాలలో 35 వేల మందికి పైగా పురుషులతో 2001లో మొదలైన పెద్ద పరిశోధనలో సెలీనియం ప్రోస్టేట్ క్యాన్సర్‌ను తగ్గించలేదు. 2008లో ఆ మాత్రలు ఆపించేశారు. మందు క్యాన్సర్‌ను నివారిస్తుందని ప్రకటించడాన్ని మన దేశంలో 1954 నాటి చట్టమే నిషేధించింది. అధికారులు దాన్ని అమలు చేస్తే చాలు.

ఆర్సెనిక్, కాడ్మియం మాత్రం క్యాన్సర్ కారకాలేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించింది. కానీ ఆర్సెనిక్ రక్తంలో కొన్ని గంటలకు మించి పెద్దగా నిలవదు. ఏళ్ళ తరబడి తాగిన నీటి సంగతి ఒక్క రక్త నమూనా చెప్పలేదు. చూడవలసింది నీటినే. తాగునీటిలో లీటరుకు ఆర్సెనిక్ 0.01, కాడ్మియం 0.003 మిల్లీగ్రాములు దాటకూడదని భారతీయ ప్రమాణం చెబుతోంది. మా మంచినీటి చెరువులో, బోర్లలో ఎంతుందో మాకు ఎవరూ చెప్పలేదు.

అదే ఇంట్లో మా పెదనాన్నగారు నలభై ఏళ్ళుగా లంక పొగాకు చుట్ట కాలుస్తున్నారు. పొగాకు ఆకు నేలలోని కాడ్మియంను లాక్కుంటుంది గనుక ఆయన రక్తంలో అది ఎక్కువే ఉండి ఉంటుంది. అయినా ఆయన అంగిలి మీది, క్యాన్సర్‌గా మారే అవకాశమున్న తెల్లమచ్చను ఏ ప్యాకేజీ పట్టుకోలేదు. ఊరి ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మగారు టార్చిలైటు వేసి, నోరు తెరిపించి పట్టుకున్నారు. ముప్పై ఏళ్ళు దాటినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్ష అక్కడ ఉచితమని ఆ రోజు దాకా మాకు తెలియదు.

జిల్లా వైద్యాధికారులు ఈ ఉచిత పరీక్షల రోజులను ప్రతి ఊళ్ళో చాటింపు వేయించాలని, కాలువలు కట్టేసే వేసవిలో ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి చెరువుల, బోర్ల నీటిని పరీక్షించి ఆ అంకెలను పంచాయతీ గోడ మీద రాయించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
రాజోలు మండలం, కోనసీమ జిల్లా