మన కామన్ మీటరు దొంగ దొరికాడు

విజయవాడ, భవానీపురం
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ బండోడా,

తిట్టుకో, ఎంత కావాలంటే అంత తిట్టుకో. సంక్రాంతికి రాస్తానన్నాను, ఉగాది కూడా వెళ్లిపోయింది, ఇప్పుడు రోహిణి కార్తె రాబోతోంది. ముందు ఇంటి సంగతులు గబగబా చెప్పేస్తా: అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి, చిన్నోడు టెన్త్ పాసయ్యాడు (మార్కులు అడగకు), ఆవకాయ పెట్టాం, నీ జాడీ విడిగా తీసి ఉంచాం, ఆఫీసులో గొడుగు మనిషి ఇంకా రిటైర్ అవలేదు. అంతే. అసలు సంగతి నీకు చెప్పకపోతే నాకు అన్నం అరిగేలా లేదు.

మన బ్లాకులో మెట్ల లైట్లకీ నీళ్ల మోటరుకీ అందరం కలిసి బిల్లు కట్టే ఆ కామన్ మీటరు గుట్టు తేలిపోయిందిరా!

మొదలైంది పంతులమ్మ గారింట్లో. మూడో అంతస్తు, నువ్వు పదమూడో ఎక్కం దగ్గర ఆగిపోయి నిలబడ్డ ఆ హాలే. పైన ఇంకేం లేదు, స్లాబే. పగలంతా ఎండకి కాగిన కాంక్రీటు సాయంత్రం నుంచి ఆ వేడిని కిందికి వదలడం మొదలుపెడుతుంది, బయట కృష్ణ మీంచి కాస్త గాలి వచ్చినా లోపల అర్ధరాత్రి దాకా సెగే. ఫ్యాను వేస్తే పైనున్న వేడిని తెచ్చి మొహాన కొడుతుంది. మనం డాబా మీద బకెట్లతో నీళ్లు కొట్టి చాపలేసుకునేవాళ్లం కదా, ఇప్పుడావిడకి బకెట్లు మోసుకుని డాబా ఎక్కే ఓపికా లేదు, ఏసీ కొనే స్తోమతా లేదు. కరోనాలో కొన్న జ్వరం గన్ను ఉందిగా మా ఇంట్లో, దాన్ని సర్ఫేస్ మోడ్‌లో (ఒంటి వేడి కాదు, వస్తువుల వేడి చూపించేది) పెట్టి సాయంత్రం ఐదింటికి ఆవిడ సీలింగుకి గురిపెట్టాను. 46 డిగ్రీలు. మర్నాడు మధ్యాహ్నం డాబా మీద పెడితే అసలు అంకే రాలేదు, 'హై' అని చూపించి ఊరుకుంది. అది 60 దాటితే చదవదు.

అప్పుడు మీటింగులో అన్నాను, డాబాకి తెల్ల రంగు వేయిద్దామని. నాచు పట్టి నల్లబడ్డ స్లాబు ఎండనంతా పీల్చుకుంటుంది, తెల్లగా ఉంటే చాలావరకు వెనక్కి కొట్టేస్తుంది, ఇందులో రాకెట్ సైన్సేం లేదు. తెలంగాణలో అయితే 2023లోనే దీనికి కూల్ రూఫ్ పాలసీ అని ఒకటి పెట్టారు. ఒకాయన చైనా మొజాయిక్, అదే తెల్ల టైల్ ముక్కలు, వేయిద్దామన్నాడు, బాగుంటుంది, ఏళ్ల తరబడి పోదు, కానీ మన స్లాబు సంగతి నీకు తెలుసుగా, కింద పెచ్చులూడి చువ్వలు తుప్పు పట్టి కనబడుతుంటే దాని నెత్తిన ఇంకా బరువెలా పెడతాం? ముందు ఆ చువ్వలు శుభ్రం చేయించి, పగుళ్లు పూడ్చి, వాటర్ ప్రూఫింగ్ చేయించి, ఆ తర్వాతే రంగు. తడి ఊరుతున్న స్లాబు మీద ఏ రంగు వేసినా నాలుగు వానలకి పొట్టులా లేచిపోతుంది. సున్నం, వైట్ సిమెంటు కలిపి కొడితే చవకే, కానీ ఏడాదికోసారి మళ్లీ కొట్టుకోవాలి. కూల్ రూఫ్ పెయింటు ఖరీదు ఎక్కువ, కొన్నేళ్లు నిలుస్తుంది.

గ్రౌండ్ ఫ్లోర్ ఆయన వెంటనే లేచాడు. "ఎండ మీకు, రంగు మీకు, డబ్బులు మాకా?" అన్నాడు. ఏం చెప్తాం, ఆయన కోణంలో న్యాయమే. సగం ఫ్లాట్లు అద్దెకిచ్చినవి, ఆ ఓనర్లేమో చల్లదనం అద్దెకున్నవాడికి, ఖర్చు నాకా అంటారు. ఇంకొకాయన సోలార్ పెట్టేద్దాం, పీఎం సూర్యఘర్ అని కేంద్రం సోలార్ పథకంలో అసోసియేషన్లకి కిలోవాట్‌కి 18,000 సబ్సిడీ ఇస్తారు, కామన్ బిల్లు పోతుంది, ప్యానెళ్ల నీడా వస్తుంది అన్నాడు. మంచిదే, నేను కాదనను, కానీ ఎటు పోతోందో తెలియని కరెంటుకి ప్యానెళ్లు పెట్టడమంటే చిల్లు కుండ నింపడానికి కొత్త బిందె తెచ్చుకోవడమే.

ఆఖరికి మన కాలిక్యులేటర్ మామ లేచాడు. ఇప్పుడాయనే కోశాధికారి. నీ సైకిల్ డైనమో కేసులో తీర్పు చెప్పిన మనిషే, నాకింకా కళ్లకి కట్టినట్టుంది. మెయింటెనెన్స్ డబ్బంతా కామన్ కరెంటు బిల్లే మింగేస్తోంది, రంగుకి పైసా లేదు, జనానికి పొదుపు తెలియదు, మెట్ల లైట్లు ఆర్పరు అని అరగంట క్లాసు పీకాడు.

సరే, ముందు బిల్లు తగ్గిద్దామన్నాం. మెట్ల మీద ఆ పాత ట్యూబ్‌లైట్లు, చోకుతో కలిపి ఒక్కోటి 50 వాట్లకి పైనే లాగుతాయి, అన్నీ పీకేసి 20 వాట్ల ఎల్‌ఈడీలు పెట్టించాం. ట్యాంకు నిండగానే మోటరు ఆపే ఫ్లోట్ స్విచ్ పాడై నీళ్లు పొర్లిపోతుంటే, మోటరు ఊరికే తిరుగుతోందని అదీ మార్పించాం. (మా ఇంట్లో పాత ఫ్యాన్లు కూడా మార్చేశానులే. 75 వాట్ల పాత ఫ్యాను ఎక్కడ, తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను ఎక్కడ, రోజుకి పదిహేను గంటలు తిరిగేదానికి నెలకి ఒక్కో ఫ్యానుకి 20 యూనిట్లు మిగిలినట్టే.) ఇంత చేసినా కామన్ బిల్లు ఏదో మొహమాటానికి తగ్గినట్టు కాస్త తగ్గింది, అంతే.

ఇక చూస్కో. ఎలక్ట్రీషియన్ కుర్రాణ్ణి తీసుకొచ్చా. మోటరు ఆపాం, మెట్ల లైట్లు ఆపాం, గేటు లైటు ఆపాం. మెట్ల కింద మీటరు దగ్గర కూర్చుంటే ఆ ఎర్ర లైటు టిక్ టిక్ మంటూ కొట్టుకుంటూనే ఉంది! మీటరు మీద 3200 అని రాసి ఉంది, అంటే అన్నిసార్లు మెరిస్తే ఒక యూనిట్ అన్నమాట. ఫోన్లో టైమరు పెట్టి లెక్కపెట్టాం, నిమిషానికి 80 దాకా వచ్చింది. గంటకి యూనిట్‌న్నర! ఉన్నట్టుండి మెరవడం ఆగిపోయింది. కాసేపటికి మళ్లీ మొదలైంది. కుర్రాడు నా వంక చూసి నవ్వాడు. "సార్, ఇది ఏసీ. కంప్రెసర్ ఆగి మళ్లీ ఆడుతోంది."

ఎవరిదో తేలాలిగా. కామన్ ఫ్యూజు పీకేశాడు. ఒక్క నిమిషం. పై నుంచి తలుపు చప్పుడు. లుంగీలో, చేతిలో విసనకర్రతో, మొదటి అంతస్తు పిట్టగోడ మీంచి తల వంచి... ఊహించావా? కాలిక్యులేటర్ మామ!

"ఏమయ్యా, కరెంటు పోయిందా? ఫ్యాను తిరుగుతోంది, ఏసీ మాత్రం ఆగిపోయిందే!"

ఒరేయ్, నవ్వు ఆపుకోలేక మీటరు బోర్డు వెనక్కి తిరిగి నిలబడ్డాను. గేటు దగ్గర కూరలు బేరమాడుతున్న పంతులమ్మ గారు అంతా విన్నారు. "పొదుపు తెలియని జనం" అని ఒక్క మాటన్నారు, అని బెండకాయలు తీసుకుని మెట్లెక్కి వెళ్లిపోయారు.

ఆయన తప్పు లేదులే పాపం. ఆ ఫ్లాటు ఆయన సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు, ఏసీ పాయింటు అప్పటికే ఉంది. పాత ఓనరు హయాంలో ఎవడో ఎలక్ట్రీషియన్ గోడ తవ్వే పని తప్పించుకోవడానికి పక్కనే ఉన్న మెట్ల జంక్షన్ బాక్సులోంచి లైను లాగేశాడు. కుర్రాడు విప్పి చూపిస్తే ఆయన మొహం చూడలేకపోయాను రా, అప్పటిదాకా వచ్చిన నవ్వంతా ఎటో పోయింది. జీవితమంతా ఎవరికీ రూపాయి బాకీ పడని మనిషి. కొన్నాళ్లు కిందికే దిగలేదు. తర్వాత వాచ్‌మన్ చేత ఒక కవరు పంపాడు. లోపల డబ్బు, దాంతో పాటు ఏ ఎండాకాలం ఎన్ని గంటలు, ఎన్ని యూనిట్లు, అప్పటి రేటెంత అని పైసలతో సహా గుండ్రటి అక్షరాల్లో లెక్క, అడుగున "దయచేసి రసీదు పంపగలరు" అని. రసీదు పంపాం. పంపకపోతే ఊరుకుంటాడా!

ఆ డబ్బుతో డాబా పని మొదలైంది. గ్రౌండ్ ఫ్లోర్ ఆయన ఇంకా తన వాటా ఇవ్వలేదు, ఇస్తాడన్న ఆశా నాకు లేదు. పగుళ్లు పూడ్చడం అయింది, రంగు సగం దాకా వచ్చింది, సరిగ్గా పంతులమ్మ గారి హాలు మీద దాకా. నిన్న మధ్యాహ్నం రెండింటికి గన్ను తీసుకెళ్లా. నల్ల సగం మీద 'హై'. రెండడుగులు పక్కకి జరిగి తెల్ల సగం మీద పెడితే 44! చెప్పులు విప్పి నిలబడి చూశా, తెల్ల సగం మీద నిలబడగలిగాను, నల్ల సగం మీద ఎగిరి గంతేశాను. సాయంత్రం వాళ్లింట్లో చూస్తే బెడ్రూమ్ సీలింగు 46, హాలు 39. ఆవిడ అప్పటికే మంచం హాల్లోకి లాగించేసుకున్నారు, నన్ను అడగనుకూడా లేదు.

ఇంక పడమటి గోడ కిటికీల సంగతి మిగిలింది. కర్టెన్లు కడితే పెద్దగా లాభం లేదు, అద్దం దాటి లోపలికొచ్చాక వేడి వచ్చినట్టే, బయటే ఆపాలి, సజ్జకి వెదురు తడికలు కడదామని నేను, గాలికి ఎగిరి కింద బళ్ల మీద పడతాయని మిగతావాళ్లు, ఆ గొడవ వేరే... అదంతా చెప్పాలంటే ఇంకో రెండు పేజీలు కావాలి. అన్నట్టు మామ ఇప్పుడు వారానికోసారి మీటరు దగ్గర కూర్చుని టిక్కులు లెక్కపెడుతున్నాడు, డైరీలో రాసుకుంటున్నాడు, నీ డైనమో

ఆగు, కింద పెయింటర్లు పిలుస్తున్నారు. డాబా తాళం నా దగ్గరే ఉండిపోయింది. నీ సంగతులు రాయి, జాడీకి ఎవరినైనా పంపు, పోస్టులో వేయను.

నీ
పొట్టోడు