టెక్సస్ లెక్కలో మనవాళ్ళు పడ్డారా?

ఎడిటర్ గారికి నమస్కారం,

టెక్సస్‌లో తెలుగువాళ్ళు బాగా పెరిగిపోయారని మీ పేపర్లో అప్పుడప్పుడు వస్తుంటుంది, గుడి ఫోటో ఒకటి, కొత్త ఇళ్ళ ఫోటో ఒకటి వేసి. చదవడానికి బానే ఉంటుంది, ఇరవై ఏళ్ళ పైన డాలస్ పక్కనే ఉంటున్నవాణ్ణి కాబట్టి నాకూ సంబరమే. కానీ పెరగడం వేరు, సెన్సస్‌లో, అంటే పదేళ్ళకోసారి తీసే జనాభా లెక్కలో పడటం వేరు, ఆ రెండోదాని గురించి ఎవరూ రాయరు.

2010 సెన్సస్‌లో టెక్సస్ జనాభా 2.51 కోట్లు, 2020లో 2.91 కోట్లు. పదేళ్ళలో దాదాపు 40 లక్షలు, అందులో తెల్లవాళ్ళు రెండు లక్షలు కూడా లేరు, సగం హిస్పానిక్ వాళ్ళు, ఏషియన్లు 6 లక్షల పైనే. మేముండే కాలిన్ కౌంటీ 7.82 లక్షల నుంచి 10.64 లక్షలకి వెళ్ళింది. అలా అని రాష్ట్రమంతా ఇలాగే ఉందనుకోకండి, 254 కౌంటీల్లో 143 కౌంటీల్లో జనం తగ్గారు, పెరుగుదలంతా డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్, శాన్ ఆంటోనియో చుట్టూనే. ఆ పెరిగిన జనాభా లెక్క వల్లే అమెరికా పార్లమెంటు దిగువ సభలో టెక్సస్ సీట్లు 36 నుంచి 38 అయ్యాయి. ఇక్కడ తమాషా ఏంటంటే సీట్లు పంచేటప్పుడు ఓటు ఉన్నవాళ్ళనే కాదు, ఉంటున్న మనుషులందర్నీ లెక్కేస్తారు, హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాడు కూడా అందులో ఒక తలకాయే, ఓటు మాత్రం ఉండదు.

మరి అంత ముఖ్యమైన లెక్క సరిగ్గా జరిగిందా అంటే లేదు. తర్వాత సెన్సస్ వాళ్ళే సర్వే చేసి టెక్సస్‌లో 1.92 శాతం మందిని వదిలేశామని తేల్చారు, అంటే ఐదు లక్షలకి పైనే. సెన్సస్ ఫారం నింపండని చెప్పే ప్రచారానికి కాలిఫోర్నియా 18 కోట్ల డాలర్లకి పైగా పెడితే మా రాష్ట్రం విడిగా డబ్బులేమీ పెట్టలేదు. నిజం చెప్పాలంటే దేశం మొత్తమ్మీద ఏషియన్ల లెక్క తగ్గలేదు, కాస్త ఎక్కువే వచ్చింది, కానీ నేను కళ్ళారా చూసింది వేరే.

2020 ఏప్రిల్, కరోనా కొత్త. అప్పట్లో మేముండే అపార్ట్‌మెంట్స్‌లో మెయిల్ బాక్సుల పక్కన చెత్తడబ్బాలో పిజ్జా కూపన్లతో పాటు సెన్సస్ కవర్లు, విప్పను కూడా విప్పలేదు. మా పై పోర్షన్‌లో ఐదుగురు కుర్రాళ్ళు ఉండేవాళ్ళు, మనవాళ్ళే, నింపారా బాబూ అనడిగితే "లీజులో ఇద్దరి పేర్లే ఉన్నాయంకుల్, ఐదుగురం అని రాస్తే లీజింగ్ ఆఫీస్ వాళ్ళు ఖాళీ చేయమంటారు" అని ఒకడు, వీసాకి ఏమన్నా అవుతుందేమో అని ఇంకొకడు. పేర్లతో ఉన్న వివరాలు 72 ఏళ్ళ దాకా బయటికి ఇవ్వకూడదని చట్టం ఉంది, ఇంటి ఓనరుకి గానీ ఇమ్మిగ్రేషన్‌కి గానీ ఇవ్వరు, అవి బయటికొచ్చేసరికి మీకు నూరేళ్ళు దగ్గరపడతాయిరా అన్నా నమ్మలేదు. చివరికి ఐదుగురికి ముగ్గుర్ని రాశారు, మధ్యేమార్గం అన్నమాట! తెలుగులో గైడ్ కూడా ఉందని అప్పుడు వాళ్ళకి తెలీదు, నాకూ తర్వాతే తెలిసింది.

అందుకే మీకు రాస్తున్నా. వీసా వార్తలు వేసే పేజీలోనే 2030 ఏప్రిల్ 1కి ముందు నుంచి ఈ సంగతులు వేయండి. అద్దెకి కలిసుంటే అందర్నీ రాయాలని, చుట్టపుచూపుగా వచ్చిన అమ్మానాన్నల్ని రాయక్కర్లేదు గానీ ఇక్కడే ఉండిపోయినవాళ్ళని రాయాలని, నెల రోజుల పసిబిడ్డని కూడా రాయాలని. పిల్లల్నే ఎక్కువ మర్చిపోతారు, ఐదేళ్ళలోపు వాళ్ళే లెక్కలో బాగా తప్పిపోయింది.

ఆ ఐదుగురిలో ఒకడు ఇప్పుడు దగ్గర్లోని ప్రాస్పర్ అనే ఊళ్ళో ఇల్లు కొన్నాడు, ఇద్దరు పిల్లలు. మొన్న కలిసినప్పుడు ఒకటే గొడవ, రోడ్లన్నీ జామ్, ఎప్పుడు వెడల్పు చేస్తారంకుల్ అని. రోడ్ల డబ్బు పంచేటప్పుడు కూడా ఈ తలకాయల లెక్కే చూస్తారురా, అప్పుడు రాయని ఆ ఇద్దర్నీ అడుగు అన్నాను, నవ్వాడు గానీ వాళ్ళలో వాడూ ఒకడు.

ఇట్లు,
మీ పాఠకుడు,
కాలిన్ కౌంటీ, టెక్సస్