కాలిబ్రేషన్ గదిలో ఉన్న మా అమ్మలుకి

విశాఖపట్నం

అమ్మలూ,

మొన్న ఫోన్లో నువ్వడిగిన మాటకి నేను సరిగ్గా జవాబు చెప్పలేదు. "చేరి ఇన్ని నెలలైంది నాన్నా, భూకంపాలని రాసే రెండు సీస్మోమీటర్లని పక్కపక్కన పెట్టి రెండూ ఒకేలా రాస్తున్నాయా లేదా అని చూడటమే పని. అసలు రీసెర్చ్ ఎప్పుడు మొదలవుతుంది?" అన్నావు. మీ అమ్మ పక్కనే ఉంది. నీ గొంతు డల్‌గా ఉందని అప్పటికే టెన్షన్ పడుతోంది. అందుకని "వేళకి తింటున్నావా" అంటూ మాట మార్చేశాను. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. దానికి నింపాదిగా కూర్చుని రాస్తేనే జవాబు వస్తుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నీ రీసెర్చ్ చేరిన రోజే మొదలైంది. పరికరం నిజం చెబుతోందా లేదా అని తేల్చుకోవడం కంటే పెద్ద పని ఆ ల్యాబ్‌లో ఇంకొకటి లేదు. నేను సైంటిస్టుని కాను, సర్వీసంతా టెక్నికల్ వైపే ఉన్నాను. అయినా ఈ ఒక్క విషయంలో నా మాట నమ్ము. బంగాళాఖాతం మీద పరిశోధన క్రూయిజ్‌లకి వెళ్లి నేను నేర్చుకున్నదంతా ఇదే.

ఓడ ఎక్కి మేం ఏం చేసేవాళ్లమో నీకెప్పుడూ వివరంగా చెప్పలేదు. చిన్నప్పుడు నీకు కావలసింది డాల్ఫిన్ల కబుర్లు. అసలు పని ఇలా ఉండేది. స్టేషన్ అంటే నీళ్లు పట్టాల్సిన చోటు, అది రాగానే ఓడ ఆగుతుంది. గుండ్రటి చట్రానికి చుట్టూ పొడుగాటి సీసాలు బిగించి, మధ్యలో ఉష్ణోగ్రత, ఉప్పదనం, లోతు కొలిచే సీటీడీ పెట్టి, వించ్‌తో నీళ్లలోకి దించుతాం. దిగేటప్పుడు సీసాలు రెండు వైపులా తెరుచుకునే ఉంటాయి. పైకి లాగేటప్పుడు ఏ లోతు నీళ్లు కావాలో అక్కడ ఒక్కో సీసా మూతపడుతుంది. అర్ధరాత్రయినా, కడుపులో తిప్పుతున్నా, డెక్ మీదికి రాగానే అందరికంటే ముందు నీళ్లు పట్టుకోవాల్సింది ఆక్సిజన్ కొలిచేవాడే. ఆలస్యమైతే గాలి కలిసిపోతుంది.

రబ్బరు గొట్టాన్ని గాజు సీసా అడుగుకి తాకించి, నీళ్లు సుడి తిరగకుండా మెల్లగా వదలాలి. సీసా నిండాక కూడా ఆపకూడదు, పొర్లనివ్వాలి. గొట్టంలో చిన్న బుడగ కనిపించినా మళ్లీ మొదటి నుంచి. ఆ తర్వాత మాంగనీస్ క్లోరైడ్, ఆల్కలైన్ అయొడైడ్ వేసి, బిరడా పెట్టి, తలకిందులు చేసి కలిపితే సీసాలో మడ్డి కడుతుంది. ఆ మడ్డి రంగు చూడాలమ్మా! సముద్రం పై నీళ్లకి ముదురు గోధుమ రంగు. లోతుకి వెళ్లేకొద్దీ లేతబడుతుంది. నూట యాభై, రెండు వందల మీటర్ల దగ్గరి సీసాలు చూస్తే మడ్డి దాదాపు తెల్లగా ఉంటుంది. ఆక్సిజన్ లేదని ఏ మీటరూ చెప్పకముందే కంటికి తెలిసిపోతుంది. తర్వాత యాసిడ్ వేసి, థయోసల్ఫేట్‌తో టైట్రేషన్ చేసి, స్టార్చ్ నీలం విరిగిపోయే ఆ ఒక్క చుక్క దగ్గర చెయ్యి ఆపాలి. హంగేరీ కెమిస్టు వింక్లర్ 1888లో కనిపెట్టిన పద్ధతి ఇది. ఇవాళ్టికీ ఎలక్ట్రానిక్ సెన్సర్ చెప్పింది ఒప్పో తప్పో దీంతోనే సరిచూస్తారు.

ఎందుకింత అవస్థ అంటావేమో. మన బంగాళాఖాతంలోకి గోదావరి, మహానది, గంగ, బ్రహ్మపుత్ర, అటు ఐరావతి, ఇన్ని నదుల మంచినీళ్లు వచ్చి పడతాయి. ఆ తేలిక నీళ్లు ఉప్పునీళ్ల మీద పొరలా పరుచుకుంటాయి. పైనా కిందా కలవవు. పైనుంచి ఆక్సిజన్ దిగదు. పైపొరలో చచ్చిన నాచూ జీవాలూ మాత్రం కిందికి రాలుతూనే ఉంటాయి, వాటిని తినే బాక్టీరియా ఉన్న కాస్త ఆక్సిజన్‌నీ వాడేస్తుంది. అరేబియా సముద్రం మధ్య లోతుల్లో ఇది ఎంత దూరం పోయిందంటే, అక్కడి బాక్టీరియా ఆక్సిజన్ దొరక్క నైట్రేట్‌ని పీల్చుకుని నైట్రోజన్ వాయువుగా వదిలేస్తోంది. అంటే సముద్రానికి ఎరువు పోతోంది. మన వైపు అది పెద్దగా జరగడం లేదు. కారణం, ఇక్కడ ఆక్సిజన్ పూర్తిగా సున్నా కాలేదు. ఒక జాడ మిగిలింది. ఆ జాడ వింక్లర్ పద్ధతికి కూడా అందనంత తక్కువ. దాన్ని పట్టుకోవడానికి చాలా సున్నితమైన కొత్త సెన్సర్లు కావాల్సి వచ్చాయి.

ఇప్పుడు చెప్పు. సున్నా, సున్నాకి కాస్త పైన, ఈ రెండిటి మధ్యే ఒక సముద్రం ఎటు పోతుందో ఆధారపడి ఉన్నప్పుడు, సెన్సర్‌కి సున్నా ఎక్కడుందో చూసినవాడి పని చిన్నదా? ముల్లు సున్నా మీద నిలబడని కాటాతో తూకం వేస్తే కొట్టువాడితో దెబ్బలాడతాం కదా. సముద్రం తరఫున దెబ్బలాడాల్సింది ఆ సీసా పట్టుకున్న మనిషే. సముద్రంలో తిరిగే ఆర్గో ఫ్లోట్లు పది రోజులకోసారి రెండు వేల మీటర్ల లోతు నుంచి పైకి వస్తూ కొలిచి, శాటిలైట్‌కి పంపుతాయి. గొప్ప యంత్రాలు. కానీ ఏళ్లు గడిచేకొద్దీ వాటి సెన్సర్లు కూడా డ్రిఫ్ట్ అవుతాయి, అంటే చూపించే అంకె మెల్లగా పక్కకి జరుగుతుంది. వాటిని సరిదిద్దడానికి ఓడలో పట్టిన నీళ్లే ఆధారం.

నీ సీస్మోమీటర్ల విషయానికి వస్తాను. భూకంపంలో అన్నిటికంటే ముందు వచ్చే పీ తరంగం భూమి పైపొరలో సెకనుకి దాదాపు 6 కిలోమీటర్లు పోతుంది. నీ స్టేషన్ గడియారం సెకనులో పదో వంతు తప్పితే, లెక్కలో 600 మీటర్ల తేడా వచ్చేస్తుంది. ఉత్తరం అని గీసిన గుర్తు కొన్ని డిగ్రీలు పక్కకి పోయినా, తరంగం ఏ దిక్కు నుంచి వచ్చిందో తప్పుగా రాస్తాం. ఆ తప్పు మీద ఎన్ని పేపర్లు రాసినా ఏం లాభం?

2004 డిసెంబరు 26 పొద్దున సుమత్రా దగ్గర భూమి కదిలింది. ఆ సునామీ అల మన తూర్పు తీరానికి రావడానికి రెండు గంటలు దాటింది. రెండు గంటలంటే జాలరిపేటలో ప్రతి ఇంటి తలుపూ తట్టి చెప్పి రావచ్చు. చెప్పేవాళ్లు లేరు, ఎందుకంటే హిందూ మహాసముద్రంలో అప్పటికి హెచ్చరిక వ్యవస్థే లేదు. నువ్వున్న హైదరాబాద్‌లోనే సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ 2007 అక్టోబరు నుంచి ఆ పని చేస్తోంది. భూకంపం ఎక్కడ, ఎంత లోతు, ఎంత తీవ్రత అని నిమిషాల్లో తేల్చేది సీస్మోమీటర్లే. ఆ నిమిషాల్లో పరికరాన్ని అనుమానించే టైము ఉండదు. అనుమానాలన్నీ ముందే తీర్చేసుకోవాలి. నువ్విప్పుడు చేస్తున్నది అదే.

ఇంకోటి. భూకంపం ఏదీ లేని రాత్రి నీ రెండు పరికరాలూ గీసే సన్నటి వణుకు ఉంటుంది చూడు, ఐదారు సెకన్లకోసారి ఊగుతూ. నువ్వు దాన్ని 'నాయిస్' అన్నావు. అది ఎక్కువగా సముద్రం చేసే పనే. అలలు ఎదురెదురుగా కలిసినప్పుడు సముద్రపు అడుగు మీద పడే ఒత్తిడి భూమిలోంచి వందల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. బంగాళాఖాతంలో తుఫాను లేస్తే ఆ వణుకు పెరుగుతుంది. రెండు పరికరాలూ దాన్ని ఒకేలా రాస్తున్నాయా అని చూడు, నీకు ఖర్చులేని పరీక్ష. సముద్రం లేని ఊరికి వెళ్లానని బెంగపెట్టుకున్నావు కదా. నీకంటే ముందే అది అక్కడికి చేరుకుంది.

తుఫాను అంటే హుద్‌హుద్ గుర్తొస్తుంది. 2014 అక్టోబరు 12. నువ్వు మంచం కింద దాక్కున్నావు. గాలి గంటకి 180 కిలోమీటర్ల వేగంతో ఊరిని ఊడ్చేసింది, కైలాసగిరి మీది డాప్లర్ రాడార్ కూడా దెబ్బతింది. మర్నాడు చూస్తే కొండల మీద పచ్చటి ఆకు లేదు. అయినా తుఫాను విశాఖ దగ్గరే తీరం దాటుతుందని వాతావరణ శాఖ రోజుల ముందే చెప్పింది. తీరం వెంట జనాన్ని తరలించారు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెనకి పది వేల మంది దాకా పోయారు, అందులో మన బంధువుల ఊళ్లూ ఉన్నాయి. ఆ రెంటికీ మధ్య ఉన్న తేడా ఊరికే రాలేదు. బెలూన్లు ఎగరేసినవాళ్లు, కొలిచే పరికరాలతో తేలే బోయ్‌లని సముద్రంలో నిలబెట్టినవాళ్లు, శాటిలైట్ బొమ్మల ముందు రాత్రిళ్లు కూర్చున్నవాళ్లు తెచ్చిన తేడా అది. వాళ్లలో ఒక్కరి పేరూ మన వీధిలో ఎవరికీ తెలియదు. నాకు ఆ విషయంలో బాధగానే ఉంటుంది.

మన ఊరికి ఈ పని కొత్త కాదు. దేశంలో భూమి ఎత్తులు లెక్కకట్టడానికి వందేళ్ల కిందట సముద్ర మట్టం కొలిచిన తొమ్మిది రేవుల్లో విశాఖ ఒకటి. 1950లలో అమెరికా నుంచి లఫాండ్ గారు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, ఇక్కడి పిల్లల్ని వెంటబెట్టుకుని, నౌకాదళం ఓడల్లో వెళ్లి ఈ సముద్రం ఉష్ణోగ్రతలు కొలిచారు. ఆ రోజుల్లో ఉష్ణోగ్రత రికార్డు ఓ చిన్న గాజు పలక మీద సన్నటి గీతగా వచ్చేది. ఎండాకాలం మన తీరంలో కింది చల్లటి నీళ్లు పైకి ఎందుకు వస్తాయో వాళ్లు రాసినదాని మీదే తర్వాతివాళ్లు కట్టుకుంటూ వచ్చారు.

నౌకాదళం కోసం పనిచేసే ల్యాబ్ ఎన్ఎస్‌టీఎల్‌లో చేసిన మన ఎదురింటి మావయ్య తెలుసుగా. ఆయన లోపలి సంగతి ఒక్కటీ చెప్పడు, నేను అడగను. అందరికీ తెలిసిన సంగతే చెబుతాను. ఓడ నమూనాలని లాగి చూసే టోయింగ్ ట్యాంక్ అక్కడ 500 మీటర్ల పొడవుంది. ఓడని ఇరవై ఐదో వంతుకి కుదిస్తే, నమూనాని అసలు వేగంలో ఐదో వంతుతో లాగాలి, అప్పుడే అలలు సరిగ్గా పోలుతాయి. ఒకసారి లాగాక నీళ్లు పూర్తిగా నిలకడ పడేదాకా రెండోసారి లాగకూడదు. నీళ్ల ఉష్ణోగ్రత కూడా రాసుకోవాలి. లాగడానికి పట్టేది కాసేపే, ఎదురుచూపులే ఎక్కువ. తొందరపడి లాగినా ఏదో ఒక అంకె వస్తుంది. ఆ అంకె పట్టుకుని ఓడ కడితే సముద్రంలోకి వెళ్లేది మన పిల్లలే కదా.

ఫెలోషిప్ డబ్బులు లేటవుతున్నాయన్నావు. అది తప్పే. సైన్సు కోసం త్యాగం అనుకుని నోరు మూసుకోవద్దు. రాతపూర్వకంగా అడుగు, కాపీ దాచుకో, నీతోపాటు చేరినవాళ్లందరూ కలిసి అడగండి. ఈలోగా అద్దెకి ఇబ్బందైతే నాకు చెప్పాలి, మీ అమ్మకి కాదు, ఆవిడ రాత్రంతా నిద్రపోదు. నీ ఫ్రెండ్‌కి మంచి జీతంతో ఉద్యోగం వచ్చిందన్నావు, ఆ ప్యాకేజీ గురించి నేనేం అనను. ఆ అమ్మాయి కష్టపడే తెచ్చుకుంది. నీకూ అటు వెళ్లాలని గట్టిగా ఉంటే వెళ్లు, నేను అడ్డు చెప్పను. కానీ ఇక్కడ పనే లేదనుకుని మాత్రం వెళ్లొద్దు.

పనికొచ్చే మాటలు మూడు రాస్తాను. సర్దుబాటు చేసే ముందు ఎంత తేడా ఉందో రాయి, చేశాక ఎంతుందో రాయి. చాలామంది రెండోదే రాస్తారు. మొదటిది లేకపోతే వెనకటి రికార్డు ఏదీ సరిదిద్దుకోలేం. ఉత్తరం దిక్కుకి ఆ నేలమాళిగలో దిక్సూచిని నమ్మకు, చుట్టూ కాంక్రీటులో ఇనుము ఉంటుంది. బయట ఉత్తరం తేల్చుకుని గీతని లోపలికి తెచ్చుకోండి. లాగ్‌బుక్‌లో పెన్సిల్ వాడొద్దు. తప్పు పడితే ఒక గీత కొట్టి పక్కన రాసి సంతకం పెట్టు, కింది అంకె కనబడాలి.

మీ అమ్మ ఆవకాయా, ఎండు నెత్తళ్లూ ప్యాక్ చేసింది, పక్కింటి అబ్బాయి గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి వస్తున్నాడు, స్టేషన్‌లో తీసుకో. ఆ రెండు సీస్మోమీటర్ల మధ్య తేడా ఎంత వస్తోంది, రాత్రీ పగలూ ఒకేలా ఉందా, ఉష్ణోగ్రత మారితే మారుతోందా? ఆదివారం ఫోన్ చేసినప్పుడు నోట్‌బుక్ దగ్గర పెట్టుకో. నేనూ పెన్నూ కాగితం పట్టుకుని కూర్చుంటాను.

మీ నాన్న