లైప్‌జిగ్ నుంచి నాన్నగారికి

లైప్‌జిగ్, జర్మనీ

పూజ్యులైన నాన్నగారికి నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందని తెలిసి స్థిమితపడ్డాను. కచేరీలు తగ్గించుకుని చిన్నపిల్లలకు పియానో పాఠాలు చెప్పుకోవడానికేనా అంత దూరం వెళ్లి చదివింది అని మీరు కిందటి ఉత్తరంలో అడిగారు. దానికి ఫోనులో రెండు ముక్కల్లో జవాబు చెప్పడం ఇష్టం లేక ఇలా వివరంగా రాస్తున్నాను.

నా పియానో చదువు బడిలో కంటే ముందు విజయనగరంలోని మన ఇంట్లోనే మొదలైందని నేను నమ్ముతాను. సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకుని, తర్వాత ఉద్యోగంలో పడిపోయిన మీరు, సరళీ వరుసలు మూడు కాలాల్లో పాడటం వచ్చేదాకా నన్ను ఏ వాద్యాన్నీ ముట్టుకోనివ్వలేదు. బడిలోని పాత పియానో మీద టీచరుగారు చెప్పిన పాఠాన్ని కూడా ముందు పాడి వినిపించమనేవారు. వానాకాలంలో చెమ్మకు చెక్క ఉబ్బి ఆ పియానో మెట్లు కొన్ని పలికేవి కావు. పలకని స్వరాన్ని గొంతుతో పూరించుకుంటూ వాయించడం నాకు అలవాటైంది.

జర్మన్ స్వరకర్త బాఖ్ రెండు వరుసల్లో రాసిన చిన్న రచనలు, ఆ ఇన్వెన్షన్లు మొదలుపెట్టినప్పుడు, రెండు చేతులూ ఒకేసారి రెండు వేర్వేరు వరుసలు పలికించడం నా వల్ల కాదని ఏడ్చాను. ఆదిభట్ల నారాయణదాసుగారు రెండు చేతులతోనూ రెండు కాళ్లతోనూ వేర్వేరు తాళాలు వేసేవారని చెప్పి నన్ను ఊరుకోబెట్టి, ఎడమచేతి వరుసను మీరు వయొలిన్ మీద వాయిస్తూ కుడిచేతి వరుసను నన్ను పాడమన్నారు. మరునాడు వరుసలు మార్చారు. నేను ఇప్పుడు చెబుతున్న పాఠమంతా ఆ రెండు రోజుల్లోనే ఉంది.

గ్రేడు పరీక్షల కోసం విశాఖపట్నం తిరగడం, తర్వాత స్వరకర్త మెండెల్సన్ 1843లో స్థాపించిన ఇక్కడి సంగీత విద్యాలయంలో చేరడం, అవన్నీ మీరు ఎరిగినవే. మీకు ఇంతవరకు చెప్పని సంగతి ఒకటుంది. ఆ ఇన్వెన్షన్లకు 1723లో బాఖ్ రాసిన పీఠికను ఇక్కడే చదివాను. రెండు వరుసలను స్పష్టంగా వాయించడం నేర్చుకోవాలనీ, అన్నిటికన్నా ముఖ్యంగా పాడుతున్నట్టు వాయించే పద్ధతి అలవడాలనీ ఆయన అందులో రాశారు. ఆ ఏడాదే ఆయన ఈ ఊరికి వచ్చి, సెయింట్ థామస్ చర్చిలో సంగీత బాధ్యతలు చేపట్టారు. పాడుతున్నట్టు వాయించాలని ఆయన రాశారే, మీరు పట్టుబట్టి నేర్పింది సరిగ్గా అదే.

పియానో మీద పాడించడం ఎంత కష్టమో వయొలిన్ వాయించే మీకు వేరే చెప్పనక్కరలేదు. కమాను నడిచినంతసేపూ మీ స్వరం నిలుస్తుంది, పెరుగుతుంది, గమకం పలుకుతుంది. పియానోలో ఉన్ని సుత్తి తీగను కొట్టి వెంటనే వెనక్కి వచ్చేస్తుంది. ఆ క్షణం నుంచి నాదం తరిగిపోవడమే. 88 మెట్లకూ శ్రుతి ముందే స్థిరపడి ఉంటుంది కనుక గమకానికి చోటే లేదు. కాబట్టి తరిగిపోతున్న స్వరం ఎంత బలంతో మిగిలిందో చెవితో పట్టుకుని తర్వాతి స్వరాన్ని అక్కడే అందుకోవాలి, మొదటి వేలు పూర్తిగా లేవకముందే రెండో వేలు దిగాలి. చెవి సిద్ధం కాకుండా వేళ్లకు ఎంత వేగం నేర్పినా ఇది రాదు.

మొన్న ఒక పాప, ఎనిమిదేళ్లది, పాఠాన్ని తప్పు లేకుండా గబగబా వాయించింది. నేను పియానో మూత వేసి పాడమన్నాను. చాలాసేపు సిగ్గుపడి పాడింది, ఒకచోట ఊపిరి తీసుకుంది. మళ్లీ వాయించినప్పుడు సరిగ్గా అక్కడే దాని చెయ్యి తేలికగా లేచింది. ఏ కచేరీ చప్పట్లూ నాకు అంత సంతోషం ఇవ్వలేదు, నాన్నగారూ.

పేరుమోసిన పియానో విద్వాంసుడు ఫ్రాంజ్ లిస్ట్ 35 ఏళ్లకే డబ్బు తీసుకుని కచేరీలు చేయడం మానేసి, తర్వాత ఈ దేశంలోనే ఉన్న వైమార్‌లో శిష్యులకు ఉచితంగా పాఠాలు చెప్పారు. అంత దూరం ఎందుకు, ద్వారం వెంకటస్వామి నాయుడుగారు ఎంత పెద్ద కచేరీ విద్వాంసులైనా మన విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ నేర్పారు, 1936లో దానికి ప్రిన్సిపాల్ అయ్యారు. అది ఆయనకు చిన్నతనమని మీరు ఎన్నడూ అనలేదు. నా విషయంలోనూ అలాగే చూడమని వేడుకుంటున్నాను. కచేరీలు పూర్తిగా మానను.

నాకోసం మీరు స్వరాలు రాసి ఇచ్చిన నోటుపుస్తకం అలమారలో ఉంటే, పేజీలన్నీ ఫోటో తీయించి పంపండి. ఇక్కడి పిల్లలు చదవగలిగేలా స్టాఫ్ నొటేషన్‌లోకి, అంటే గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపిలోకి మార్చుకుంటాను. అమ్మకు నా నమస్కారాలు.

ఇట్లు
మీ కుమార్తె